యూనిఫాం గుడ్డ పువ్వులు

ఏమోయ్, నిన్నే. నర్సరీ నుంచి మొక్క తెచ్చి, మూడు రోజులు ముద్దుచేసి, ఫొటోలు తీసి నలుగురికీ పంపి, నాలుగో రోజు నుంచి కుండీ ఎటుందో కూడా చూడని మహానుభావా. అటూ ఇటూ చూడకు, నీ వెనక ఎవరూ లేరు. ఆ మొక్క ఎండి పుల్లయ్యాక "రోజూ నీళ్లు పోశానే, ఎందుకో పోయింది" అని ఇంట్లోవాళ్లకి చెప్పింది నువ్వే కదూ? చెప్పేటప్పుడు చెవులు వెచ్చబడ్డాయా లేదా? పడే ఉంటాయి. సరే, కూర్చో. నీకంటే ఘనుడొకడున్నాడు. వాడి కథ వింటే నీ చెవులు కాస్త చల్లబడతాయి.

అతనొక దర్జీ. పెద్దవాళ్లూ పిల్లలూ అందరూ జేబు బాబాయి అనే పిలుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. బ్యాంకు క్యాషియరు కొత్త ప్యాంటుకి రెండు జేబుల మూతులూ కనపడని కుట్టుతో మూసేసి ఇచ్చాడొకసారి. పాపం ఆయన పొద్దుటి నుంచీ జేబులో చెయ్యి పెడదామని చూడటం, చెయ్యి తొడ మీదుగా జారిపోవడం. సాయంత్రం కొట్టుకొచ్చి తిడదామని నోరు తెరిస్తే, మిషను దగ్గర తల వంచుకుని కూర్చున్నది బాబాయి కాదు, బాబాయి చొక్కా, కళ్లజోడు తొడుక్కున్న చెక్కబొమ్మ. ఆయన దాన్ని పది నిమిషాలు తిట్టాడు. బాబాయి బల్ల కింద కూర్చుని నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వాడు.

ఇలాంటి మనిషిని అందరూ ఇష్టపడతారు, ఎవరూ నమ్మరు. "వాన పడుతోంది" అంటే కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకున్నాకే గొడుగు తీస్తారు. అందరికంటే తక్కువ నమ్మేది ఆయన అక్క. ఆవిడ ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. తప్పు ఎక్కడ నక్కినా చెవి పట్టి బయటికి లాగే కళ్లు. అలాంటామె గడియారాన్ని తమ్ముడు ఓసారి గంట ముందుకు తిప్పాడు. చలిలో తాళం వేసిన ప్రెస్సు ముందు ఆవిడ ముప్పావు గంట నిలబడింది. నెల రోజులు మాట్లాడలేదు. తన ఇంటి రెండో తాళంచెవి పక్కింటివాళ్లకి ఇచ్చిందే గాని, రెండు వీధుల అవతల ఉన్న తమ్ముడికి ఏనాడూ ఇవ్వలేదు.

ఆ అక్క చలికాలం చివర్లో తడి మెట్ల మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్లే ముందు తమ్ముణ్ణి పిలిచి, దిండు కింది నుంచి తాళంచెవి తీసి అరచేతిలో పెట్టింది. పక్కింటివాళ్లు ఊళ్లో లేరు మరి.

"ఒరేయ్, నా జీవితంలో మొదటిసారి నీకు తాళం ఇస్తున్నా. ముందున్న మొక్కలకి రోజు విడిచి రోజు మొదట్లో నీళ్లు పొయ్యి. ఆకుల మీద పొయ్యకు. చెయ్యి మాత్రం పెట్టకు."

"పెట్టనక్కా."

"నవ్వకుండా చెప్పు."

ఆయన నవ్వకుండా చెప్పాడు. చెప్పడానికి కొంచెం కష్టపడ్డాడు కూడా.

మొక్కలంటే తోటేమీ కాదు. ప్రహరీ గోడకీ వరండాకీ మధ్య రెండడుగుల వెడల్పు మట్టి, అందులో మూడు హైడ్రాంజియాలు. పొట్టి రకం, మోకాలెత్తు దాటవు. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నానికి గోడ నీడ పడే చోటు చూసి పెట్టింది అక్క. కాలం వస్తే ఒక్కో కొమ్మ చివర చెంబంత నీలం గుత్తి. ఆ దారిన పోయేవాళ్లు గేటు దగ్గర ఆగి చూసేవాళ్లు. చలికాలంలో మాత్రం వాటిని చూస్తే జాలేస్తుంది. ఆకులుండవు, గోధుమరంగు పుల్లలు, కొన్నిటి చివర ఎండిపోయిన పాత గుత్తులు. చీపుళ్లు తిరగేసి పాతినట్టు ఉంటాయి.

బాబాయి రెండుసార్లు బుద్ధిగా నీళ్లు పోశాడు. మూడోసారి ఆ పుల్లల్ని చూస్తే చేతులు ఊరుకోలేదు. దర్జీ చేతులు కదా, వేలాడే దారం కనిపిస్తే తెంపందే నిద్రపోవు. పైగా తన దగ్గర బట్టలు కుట్టించుకునే ఒకాయన ఇంట్లో గులాబీల్ని చలికాలంలో మొదలంటా కత్తిరించడం, తర్వాత అవి విరగబూయడం కళ్లారా చూశాడు. అక్క తిరిగొచ్చేసరికి మొక్కలు గుబురుగా లేస్తే ఎంత సంతోషిస్తుంది అనుకున్నాడు. వెళ్లి కొట్లోంచి పెద్ద కత్తెర తెచ్చాడు. కాగితం కోయడానిక్కూడా ఎవరికీ ఇవ్వని కత్తెర అది. మూడు మొక్కల్నీ నాలుగు వేళ్ల ఎత్తుకి కత్తిరించి, పుల్లలు గోనెసంచిలో కుక్కి, మట్టి ఊడ్చి, దూరంగా నిలబడి చూసుకున్నాడు. కొత్త చొక్కాకి ఇస్త్రీ చేసినంత నీటుగా ఉంది.

ఆ నీటుకి ఎరువు కూడా తోడైతే బావుంటుందని నర్సరీకి వెళ్లాడు. అక్కడ మట్టి చేతుల్తో కుండీలు నింపుతున్న ఆవిడకి తన పనితనం వర్ణించి చెప్పాడు. ఆవిడ తల ఎత్తింది.

"హైడ్రాంజియాలా? ఎంతవరకు కోశారన్నా?"

"నాలుగు వేళ్లు ఉంచాను."

"అయ్యో. అవి గులాబీలు కావన్నా. వచ్చే పువ్వుకి మొగ్గ ముందే పుల్ల చివర పెట్టేసుకుని చలంతా పడుకుంటాయి. మీరు కోసింది పుల్లలు కాదు, ఈ ఏడాది పువ్వులు."

బాబాయి నవ్వాడు. జీవితమంతా ఇతరుల్ని ఆట పట్టించినవాడికి ఎదుటివాళ్లు ఏం చెప్పినా అది ఆటేననిపిస్తుంది. ఆవిడ నవ్వలేదు. చేతులు దులుపుకుని ఇంకో కుండీ అందుకుంది.

ఎరువు కొనకుండానే వెనక్కొచ్చి గోనెసంచి విప్పాడు. ఒక పుల్ల తీసి, చివరనున్న లావుపాటి మొగ్గని గోటితో చీల్చాడు. లోపల ఆవగింజల కంటే చిన్నగా, లేతాకుపచ్చగా, గుత్తిగా కూర్చుని ఉన్నాయి. పువ్వే అది. పుట్టని పువ్వు. ఇంకోటి చీల్చాడు. దాన్లోనూ ఉంది. మూడోది చీల్చడానికి చేతులు రాలేదు. వీధిలో ఎవరో "ఏం బాబాయ్, ఎవరి జేబు కుడుతున్నావ్" అని పలకరిస్తే, పుల్ల వెనక్కి దాచుకున్నాడు. ఏదైనా దాచేటప్పుడు అతనికి నవ్వు రాకపోవడం అదే మొదటిసారి.

చెప్పేద్దామని ఆస్పత్రికి వెళ్లాడు. అక్క కాలికి కట్టుతో నీరసంగా పడుకుని ఉంది. తర్వాత చెబుదాంలే అనుకున్నాడు. ఆ తర్వాత ఆవిణ్ణి కుర్చీతో సహా మోసుకుని ఇంటికి తెచ్చి మేడమీద గదిలో దింపారు. మూడు నెలలు మెట్లు దిగొద్దన్నాడు డాక్టరు. మంచం కిటికీ పక్కనే. కిటికీ కింద మొక్కలు.

"ఒరేయ్, చిగుళ్లేమైనా వచ్చాయా?"

"బ్రహ్మాండంగా వస్తున్నాయక్కా."

ఆవిడ మెడ చాచి కిందికి చూసింది. కళ్లజోడు సర్దుకుంది. తర్వాత, "తాళం నీకిచ్చి మంచి పనే చేశాన్రా" అంది.

ఆ మాట అతనికి చెంపదెబ్బలా తగిలింది. చెంపదెబ్బయితే ఒక్కసారితో పోతుంది. ఇది రోజూ తగిలేది. ఆవిడ ఆ మాటని తనని కనిపెట్టుకుని ఉండే ఆయాతో అనేది, చూడ్డానికొచ్చిన పాత ప్రెస్సువాళ్లతో అనేది. "మావాడు మారిపోయాడు. రోజు విడిచి రోజు పొయ్యమంటే రోజూ వస్తున్నాడు." నిజమే, రోజూ వస్తున్నాడు. ఎలాగైనా మొగ్గ వేస్తాయేమోనని వస్తున్నాడు. ఆకులైతే వచ్చాయి. అరచేతులంత ఆకులు, పచ్చగా, దట్టంగా. మొగ్గ జాడ లేదు.

ఈలోగా ఎదురింటి ప్రహరీ పక్కన హైడ్రాంజియాలు పూశాయి. అక్క కిటికీలోంచి అవీ కనిపిస్తాయి.

"ఎదురింటివాళ్లవి పూశాయిరా. మనవెప్పుడు?"

"ఇదిగో, నాలుగు రోజుల్లో" అన్నాడు బాబాయి. నోరు ఆ మాట అనేశాక, చేతులు దాన్ని నిజం చెయ్యడానికి బయల్దేరాయి.

కొట్లో స్కూల్ యూనిఫాం చొక్కాలు కుట్టగా మిగిలిన లేతనీలం ముక్కలు రెండు సంచులున్నాయి. గంజి పెట్టి బిరుసుగా ఇస్త్రీ చేశాడు. చిన్నపిల్లల గౌన్ల మీద కుట్టే పువ్వుల అచ్చు ఒకటి ఉంది, అట్టముక్కది. దాంతో గీసి కత్తిరించి, ఒక్కో పువ్వు నడుమ సన్నతీగ గుచ్చి, అరవై పువ్వుల్ని కలిపి ఒక గుత్తి కట్టాడు. అలా పదకొండు గుత్తులు. భార్య చూడనే చూసింది.

"ఎవరి గౌనుకండీ ఇన్ని పువ్వులు?"

"అక్క మొక్కలకి."

ఆవిడ అర్థం కాక నిలబడింది. అతను చెప్పాడు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో భర్త తల వంచుకుని చెప్పిన మాట ఆవిడ వినడం ఇదే.

"వెళ్లి చెప్పేయండి. వదినగారు కోప్పడతారు, అంతే కదా."

"కోప్పడితే బావుణ్ణు. కోప్పడదు. 'నాకు తెలుసు' అంటుంది. 'నీకు తాళం ఇవ్వడం నాదే తప్పు' అంటుంది. అది వినలేను."

"గుడ్డ పువ్వులు కడితే వినక్కర్లేదా?"

"మేడమీది నుంచి ఏం తెలుస్తుంది?"

"మీ అక్కకా?" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లారుతుండగా వెళ్లి, ఆకుల మధ్య కొమ్మలకి తీగలు చుట్టి, పదకొండు గుత్తులూ నిలబెట్టాడు. ఏడింటికి మామూలుగా గేటు చప్పుడు చేస్తూ చెంబు పట్టుకుని వచ్చాడు. పైన కిటికీ తెరుచుకుంది. అతను తల ఎత్తలేదు. మొదట్లో నీళ్లు పోస్తూ ఉండిపోయాడు. మూడు మొక్కలూ తడిశాయి.

"పూశాయిరా" అంది అక్క చివరికి.

"పూశాయక్కా."

"రాత్రికి రాత్రే."

"నీ చెయ్యి మంచిదక్కా."

"నా చెయ్యా? నేను మంచం మీదున్నా కదరా. ఇది నీ చెయ్యే."

చెవులు భగభగలాడాయి. చెంబులో మిగిలిన నీళ్లతో మొహం కడుక్కుని వెళ్లిపోయాడు.

ఇంతకు ముందు అతను ఎన్ని అబద్ధాలు ఆడినా అన్నిటికీ చివర ఒక నవ్వు ఉండేది. ఎదుటివాడు బోర్లాపడేవాడు, లేచేవాడు, ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. దీనికి చివరంటూ లేదు. రోజూ పొద్దున్నే కొత్తగా మొదలయ్యేది. గాలికి గుత్తి వాలితే వంగి తీగ సరిచెయ్యాలి. వాన పడితే గంజి పోయి మెత్తబడ్డవి ఇంటికి తెచ్చి మళ్లీ ఇస్త్రీ చెయ్యాలి. నీళ్లు మాత్రం మానకూడదు, పైన్నుంచి ఆవిడ చూస్తుంది. గుడ్డ పువ్వులకి నీళ్లు పోస్తూ, "ఇంకో చెంబు పొయ్యిరా, పువ్వులున్నప్పుడు దాహం ఎక్కువ వాటికి" అనే మాట వింటూ, "అలాగే అక్కా" అంటూ ఇంకో చెంబు పోసేవాడు.

ఆవిడేమో రోజుకో మాట అనేది. "ఎడమ పక్క మొక్కలో ఏదో పచ్చపచ్చగా కనిపిస్తోంది, చూడరా." రంగు వెలిసిందనుకుని, అటు చూడకుండానే "ఎండకి అక్కా" అనేశాడు. నాలుగు రోజుల తర్వాత, "ఆ ఎడమ పక్కది ఎంత ముద్దొస్తోందిరా" అంది. సిగ్గుతో ఆ మొక్క వైపు కన్నెత్తకుండా, చెంబు మాత్రం అటు చాపి నీళ్లు ఒంపాడు. తీగలు సరిచేసేటప్పుడు కూడా దొంగలా గబగబా తడిమి వచ్చేసేవాడు. చూస్తే తన పనే తనని వెక్కిరిస్తున్నట్టు ఉండేది.

కొట్లో చతుర్లు ఆగిపోయాయి. బ్యాంకు క్యాషియరు కుట్టిన ప్యాంటు తీసుకుని, జేబుల్లో చేతులు పెట్టి చూసుకుని, "ఈసారి ఏమీ చెయ్యలేదేంటి బాబాయ్? ఒంట్లో బాగోలేదా" అని అడిగాడు. ఒక చొక్కాకి కాలరు తిరగేసి కుట్టాడు, అది కావాలని చేసింది కాదు. కావాలనే చేశాడనుకుని ఆ మనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు. బాబాయి తల వంచుకుని కుట్లు ఊడదీశాడు.

ఒక బుధవారం ఆయా గేటు దగ్గర ఎదురై, "అమ్మగారు ఆదివారం కిందికి దిగుతారు. డాక్టరు సరేనన్నాడు. ముందు పువ్వుల దగ్గర కూర్చోబెట్టమన్నారు" అంది.

దిగితే ముట్టుకుంటుంది. ముట్టుకుంటే యూనిఫాం గుడ్డ. శనివారం పీకేసి, పురుగు పట్టిందని చెబితే? ఆ ఆలోచన రాగానే, ఇంకా అబద్ధమేనా అని తన మీద తనకే రోత పుట్టింది. ఆవిడే వచ్చి కనిపెట్టేలోపు తానే చెప్పాలి. ఆ ఒక్కటైనా మిగలాలి.

శనివారం పొద్దున్న చెంబు కింద పెట్టి మేడెక్కాడు. అక్క మంచం మీద కూర్చుని ఏదో పుస్తకం చదువుకుంటోంది. అతను చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. ఎప్పుడూ విడిచేవాడు కాదు.

"అక్కా, ఆ పువ్వులు నిజమైనవి కావు."

"ఏ పువ్వులు?"

"కింద ఉన్నవి. నువ్వు ఆస్పత్రిలో ఉండగా మొక్కలు మొదలంటా కత్తిరించేశాను. మొగ్గలన్నీ పోయాయి. సిగ్గేసి చెప్పలేదు. గుడ్డతో చేసి కట్టాను. యూనిఫాం గుడ్డ. ఇన్నాళ్లూ వాటికే నీళ్లు పోస్తున్నా."

అక్క కళ్లజోడు తీసి అతన్ని చూసింది. తర్వాత పక్కున నవ్వింది.

"పోరా. రేపు దిగుతున్నానని కొత్త వేషమా? నేను కంగారుపడి కుంటుకుంటూ పరిగెత్తాలని."

"కాదక్కా, ఒట్టు."

"నీ ఒట్లు నాకు తెలీవా. గడియారం రోజు కూడా ఒట్టేశావు."

"అక్కా, నిజంగా చెబుతున్నా. నామీద ఒట్టు, నా మిషను మీద ఒట్టు. గుడ్డవి."

"నా కళ్లతో చూశానురా. రోజూ చూస్తున్నా. నిజమైన పువ్వులే."

తప్పు చేసినవాడికి ఒప్పుకునే చోటైనా ఉంటుందనుకున్నాడు. యాభై ఏళ్లుగా ఆడిన ఆటలన్నీ కలిసి ఆ చోటు కూడా మూసేశాయి. తనే ఎవరికో కుట్టేసిన జేబులో ఇప్పుడు తన చెయ్యి దూరడం లేదు. ఇక మాటల వల్ల కాదని అర్థమైంది. తెచ్చి చేతిలో పెడితే తప్ప నమ్మదు.

గబగబా కిందికి దిగాడు. కళ్లు మసకగా ఉన్నాయి. దగ్గరున్నది, ఎడమ పక్కనున్నది, అన్నిట్లోకీ పెద్ద గుత్తి. తాను కట్టినవాటిలో ఇదే బాగా కుదిరింది అనుకుంటూ తీగతో సహా వచ్చేలా బలంగా లాగాడు. మొండికేసింది. మెలితిప్పి తెంపాడు. మెట్లు రెండేసి ఎక్కి, అక్క ఒళ్లో పెట్టాడు.

"ఇదిగో. చూడు. ముట్టుకో. గుడ్డ."

అక్క దాన్ని ముట్టుకుంది. వాసన చూసింది. చీరమీద నీటి చుక్క ఒకటి పడింది. గుత్తి కిందనున్న కాడ తడిగా, పచ్చగా, విరిగి ఉంది. తీగ లేదు.

"గుడ్డేనంటావా?" అంది అక్క.

బాబాయి చూశాడు. వంగి మళ్లీ చూశాడు. పువ్వు రేకు గోటితో నొక్కాడు. నలిగింది. వేలికి తడి అంటింది.

అక్క పుస్తకం తెరిచి, పేజీల మధ్య నుంచి చిన్న లేతనీలం గుడ్డ పువ్వు తీసింది. దాని మీద ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత కొట్టి ఉంది.

"నువ్వు కట్టిన మూడో రోజు గాలికి ఎగిరొచ్చి ఈ కిటికీలో పడింది. దీనికి అయిదు రేకులు. హైడ్రాంజియాకి నాలుగేరా. ముప్పై ఏళ్లు తప్పులు పట్టినదాన్ని, ఇది పట్టలేనా?"

"అయితే నీకు..."

"కత్తిరించిన సంగతి ఇంటికొచ్చిన రోజే చూశాను. కిటికీ ఉన్నది ఎందుకు? నువ్వే చెబుతావని మూడు నెలలు చూశా."

అతను నేల చూశాడు. "అడగొచ్చు కదక్కా" అన్నాడు.

"అడిగితే నిజం చెప్పేవాడివా, చతురాడేవాడివా?"

అతను ఆ గుడ్డ పువ్వు అందుకుని రేకులు లెక్కపెట్టాడు. ఆవిడ జవాబు కోసం ఆగలేదు.

"అడిగుంటే మర్నాటి నుంచి మొహం చాటేసేవాడివి. ఈ పొట్టి రకం కొత్త కొమ్మకి కూడా పూస్తుంది, కాస్త ఆలస్యంగా. కానీ దానికి నీళ్లు కావాలి. సిగ్గుతోనో, అబద్ధం నిలబెట్టడానికో, ఒక్క పూట మానకుండా పోశావు. నేను చెబితే పోసేవాడివా?"

"మరి ఇందాక చెబితే నమ్మనట్టు ఎందుకు..."

"ఆనాడు గంట ముందుకు తిప్పిన గడియారానికి బదులురా. నిజం చేత్తో పట్టుకుని తలుపు ముందు నిలబడితే ఎలా ఉంటుందో చూశావుగా."

అతను మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు. చేతికి పువ్వు నీలం కాస్త అంటి ఉంది. కిటికీలోంచి కింద నీలం గుత్తులు గాలికి ఊగుతున్నాయి. పదకొండు. బారుగా, బిరుసుగా, అయిదేసి రేకులతో.

"అక్కా, మిగతావాట్లో నిజమైనవి ఎన్ని?"

"ఒకటీ లేదు" అంది అక్క, ఒళ్లోని పువ్వుని మెల్లగా తిప్పి చూసుకుంటూ. "నెల రోజుల నుంచీ ఆ కిటికీలోంచి నేను చూస్తున్నది పన్నెండోదాన్నే. పదకొండు గుడ్డ పువ్వులు కట్టి, అవన్నీ నేను నిజమనుకుంటున్నానని నమ్మి, చివరికి ఉన్న ఒక్క నిజం పువ్వునీ గుడ్డదనుకుని తెంపుకొచ్చావు. ఇప్పుడు చెప్పరా, ఎవరి జేబు ఎవరు కుట్టారు?"